బట్టల చాటున పిస్టల్‌తో రెండు రోజుల బీచ్ ప్రయాణం: బయలుదేరే ముందే తేల్చుకోవలసినవి

అమెరికాలో చట్టబద్ధంగా బట్టల చాటున పిస్టల్ ధరించే అలవాటున్నవారికి శని, ఆదివారాల్లో సముద్రతీరానికి వెళ్ళి రావడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. ఇంటి దగ్గర నడుముకు ఉన్నది అక్కడా నడుముకే ఉంటుందనుకుంటాం. నిజానికి తీరంలో గడిపే రెండు రోజుల్లో పిస్టల్ ఒంటిమీద ఉండే సమయం కన్నా లేని సమయమే ఎక్కువ. నీటిలో దిగినప్పుడు, ఉప్పు పోయేలా స్నానం చేసేటప్పుడు, మద్యం తీసుకునే సాయంత్రం, నిద్రపోయే రాత్రి అది ఒంటిమీద ఉండదు. అందుకే ఈ ప్రయాణంలో ఏ గంటలో పిస్టల్ ఎక్కడ, ఏ తాళం కింద ఉంటుందో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోవడమే అసలైన ప్రణాళిక అని నేను నమ్ముతాను.

మొదటి పని దారిని రాష్ట్రాలవారీగా చదవడం. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలు పర్మిట్ లేకుండానే చాటుగా ధరించడానికి అనుమతిస్తున్నాయి. ఫ్లోరిడాలో 2023 జూలై 1 నుంచి, సౌత్ కరోలినాలో 2024 మార్చి నుంచి ఈ పద్ధతి అమలులో ఉంది. అయితే ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పొరుగు రాష్ట్రంలో చెల్లుతుందన్న హామీ ఎక్కడా లేదు. న్యూజెర్సీ, మేరీల్యాండ్ ఇతర రాష్ట్రాల పర్మిట్లను గుర్తించవు. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక ఫిలడెల్ఫియా తల్లి న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసులు ఆపినప్పుడు, తన దగ్గర పిస్టల్ ఉందని తానే నిజాయితీగా చెప్పి అరెస్టయ్యారు. ఆమెపై మోపిన నేరానికి కొన్నేళ్ళ తప్పనిసరి జైలుశిక్ష పడే ప్రమాదం ఉండగా, చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్షతో బయటపడ్డారు. ఆమె దాటినది ఒక్క సరిహద్దు మాత్రమే. దురుద్దేశం లేనంత మాత్రాన చట్టం విడిచిపెట్టదని ఈ ఉదంతం చెబుతున్నందున, వెళ్ళబోయే ప్రతి రాష్ట్రపు ప్రస్తుత నిబంధనలను ఆ రాష్ట్ర పోలీసు శాఖ లేదా అటార్నీ జనరల్ అధికారిక పేజీలో, బయలుదేరే వారంలోనే, స్వయంగా చదవడం అవసరం.

రాష్ట్రం అనుమతించినా బీచ్ అనుమతించకపోవచ్చు. హవాయి 2023లో చేసిన చట్టం బీచ్‌లలో, పార్కుల్లో తుపాకీ ధరించడాన్ని నిషేధించింది. న్యూజెర్సీ కూడా 2022 చివర్లో తెచ్చిన చట్టంలో బీచ్‌లను సున్నిత ప్రదేశాల, అంటే తుపాకీ ధరించకూడని చోట్ల, జాబితాలో చేర్చింది. ఇటువంటి చట్టాలపై కోర్టుల్లో వ్యాజ్యాలు సాగుతుంటాయి కాబట్టి నిరుటి సమాచారాన్ని నమ్ముకోకూడదు. కేప్ హాటెరస్, పాడ్రే ఐలాండ్ వంటి జాతీయ సముద్రతీరాల్లో 2010 ఫిబ్రవరి 22 నుంచి తుపాకీ దగ్గర ఉంచుకునే విషయంలో రాష్ట్ర చట్టమే వర్తిస్తోంది, కానీ అక్కడి సందర్శకుల కేంద్రం వంటి ఫెడరల్ భవనాల్లోకి తీసుకుపోవడం నేరం. అసటీగ్ దీవిని చూడండి: ఒకే ఇసుక, ఒకే అల, కానీ ఉత్తర భాగం మేరీల్యాండ్‌ది, దక్షిణ భాగం వర్జీనియాది. హోటళ్ళు, భోజనశాలలు ప్రైవేటు స్థలాలు కాబట్టి వాటి నోటీసులకు విలువ ఉంటుంది, టెక్సస్‌లో చాటుగా తుపాకీతో లోపలికి రావద్దని చెప్పే, 30.06 అని పిలిచే బోర్డు అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ కనిపిస్తుంది. గది బుక్ చేసే ముందే ఫోన్ చేసి హోటల్ నియమం అడగడం మంచిది.

మన పర్మిట్ చెల్లని రాష్ట్రం దారి మధ్యలో వస్తే 1986 నాటి ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయలుదేరిన చోట, చేరే చోట రెండింటా ఆయుధం కలిగి ఉండడం, ధరించడం చట్టబద్ధమై ఉండాలి. పిస్టల్‌లో తూటాలు ఉండకూడదు. పిస్టలూ తూటాలూ ప్రయాణికుల చేతికి అందకూడదు. డిక్కీ వేరుగా లేని కారైతే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, డాష్‌బోర్డు అర, సీట్ల మధ్య అర ఆ లెక్కలోకి రావు. ఈ రక్షణ ప్రయాణం సాగుతున్నంతసేపటికే తప్ప, మధ్యలో విడిది చేసి ఊరు చూడడానికి కాదు. పాఠశాలకు 1,000 అడుగుల లోపు వర్తించే ఫెడరల్ నిషేధాన్ని చాలామంది మరచిపోతారు. అందులోని మినహాయింపు ఆ పాఠశాల ఉన్న రాష్ట్రమే ఇచ్చిన పర్మిట్‌కు వర్తిస్తుంది. తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో ఉంచిన పిస్టల్‌కు ఇబ్బంది లేదు.

మనవారిలో చాలామందికి సంబంధించిన మరొక మాట. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఇద్దరు మిత్రులు ఒకే కారులో వెళ్తున్నప్పుడు "కాసేపు ఇది పట్టుకో" అనడం కూడా ఎదుటివారికి నేరంగా పరిణమించవచ్చు.

విమానంలో వెళ్ళేవారు తూటాలు తీసిన పిస్టల్‌ను తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటర్ వద్ద ప్రకటించి, సామానులో పంపాలి. చేతిసంచీలో ఎన్నడూ ఉండకూడదు. 2024లో విమానాశ్రయ తనిఖీల్లో 6,678 తుపాకులు పట్టుబడ్డాయి, అధిక భాగం తూటాలు నింపినవే. రోజూ వాడే సంచీని కాక వేరే సంచీని తీసుకెళ్ళడం ఈ పొరపాటుకు సులువైన విరుగుడు.

ఇక దుస్తుల సంగతి. ఈత నిక్కరుకు ఉండే సాగే నడికట్టు పిస్టల్ బరువును మోయలేదు. పొడి వేళల్లో బెల్టు పట్టే మామూలు నిక్కరు, కాస్త బిరుసైన బట్టతో కుట్టిన, గళ్ళో పూలో ఉన్న వదులు చొక్కా సరిపోతాయి. పలుచని, ఒకే రంగు టీషర్టు గాలికి ఒంటికి అంటుకుని పిడి ఆకారాన్ని బయటపెడుతుంది. చిన్న పిస్టలైనా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) తప్పనిసరి. నిక్కరు జేబులో ఊరికే వేసుకోవడం ప్రమాదకరం. కొత్త హోల్‌స్టర్‌ను సముద్రతీరంలో మొదటిసారి కట్టుకోకుండా, వారం ముందే ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో వంగి, కూర్చుని, లేచి చూసుకోవాలి.

నీటిలో దిగే రోజున పిస్టల్ ఇసుక మీదికే రాకూడదన్నది నా నియమం, దీనికి సడలింపు లేదు. తువ్వాలు కింద సంచీలో వదిలి అలల్లోకి వెళ్ళడమంటే దొంగకూ పక్కన ఇసుక గూళ్ళు కట్టుకునే పిల్లలకూ అందుబాటులో వదిలినట్టే. కాబట్టి రోజును రెండుగా విభజించుకోండి: ఉదయం నీళ్ళు, అప్పుడు పిస్టల్ గదిలో, సాయంత్రం పొడి బట్టల్లో నడక, అప్పుడు నడుముకు. మద్యం తాగే సాయంత్రమైతే అది గదిలోనే ఉండాలి. కారులో ఉంచక తప్పకపోతే, ఉక్కు తీగతో సీటు కింది లోహపు చట్రానికి కట్టిన చిన్న ఉక్కు పెట్టెలో, పార్కింగు స్థలానికి చేరకముందే పెట్టండి. డిక్కీ తెరిచి ఏదో దాచి వెళ్ళేవారి కోసం బీచ్ పార్కింగుల్లో కళ్ళు కాచుకుని ఉంటాయి.

గదిలోని హోటల్ సేఫ్‌ను సిబ్బంది కూడా తెరవగలరు కనుక మన పెట్టెనే స్థిరమైన వస్తువుకు తీగతో బిగించుకోవాలి, తాళంచెవి మన దగ్గరే ఉండాలి. తీసి పెట్టే ప్రతిసారీ తూటాలు దించనవసరం లేకుండా, హోల్‌స్టర్‌తో కలిపి ఒకే వస్తువుగా తీసి పెట్టెలో పెట్టడం మేలు. పొరపాటున పేలే ప్రమాదం అనవసరంగా చేతితో తాకిన ప్రతిసారీ పెరుగుతుంది. అంతేకాక, ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే గదిలోకి) ఎక్కించి తీస్తుంటే దాని ముందుభాగంలోని గుండు తొడుగులోకి కుంగి, పేలినప్పుడు పీడనం హద్దు మీరవచ్చు. కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే ఆ పొట్టితనం కంటికే కనిపిస్తుంది. అలాంటిదాన్ని మళ్ళీ వాడకూడదు.

ఉప్పుగాలి రెండు రోజుల్లోనే తన పని చేస్తుంది. ఒకసారి ఇంటికి వచ్చాక రెండు రోజులు బద్ధకించి చూసేసరికి నా పిస్టల్ వెనుక సైటు (గురి చూసే గుర్తు) అంచున ఆవగింజంత ఎర్రని తుప్పు మచ్చ, మ్యాగజైన్ (తూటాలు నింపే అర) నోటి దగ్గర మూడు ఇసుక రేణువులు కనిపించాయి. స్టెయిన్‌లెస్ ఉక్కు కూడా దీనికి అతీతం కాదు. రాత్రి గదిలో, తూటాలు వేరే చోట పెట్టి, ఛాంబర్ ఖాళీ అని కంటితో చూసి వేలితో తడిమి నిర్ధారించుకున్నాక, కొద్దిగా నూనె రాసిన బట్టతో పైభాగాన్ని తుడవండి. నూనె ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. ఇల్లు చేరిన రోజునే మ్యాగజైన్ విప్పి స్ప్రింగును, లోపలి గొట్టాన్ని పొడిబట్టతో తుడిచి, హోల్‌స్టర్‌ను మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి.