ఎండాకాలంలో కుక్క, పిల్లి చేత నీళ్లు తాగించడం ఎలా?

రోహిణి కార్తెలో ఒంగోలులో మధ్యాహ్నం పూట కుళాయి తిప్పితే వేడినీళ్లే వస్తాయి. అవే స్టీలు గిన్నెలో పోసి వరండాలో పెట్టి, మా కుక్క నీళ్లు ముట్టడం లేదని టెన్షన్ పడుతుంటాం. మనమైతే తాగుతామా?

ముందు గిన్నె మార్చండి. కుండలు అమ్మేచోట వెడల్పాటి మట్టి మూకుడు కొని, ఒక రాత్రంతా నీళ్లలో నాననివ్వండి. మట్టిలోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతుంటే లోపలి నీరు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుండే కావలి వైపు కంటే, పొడిగాలి కొట్టే కనిగిరి, పొదిలి వైపు ఇది బాగా పనిచేస్తుంది. రంగు వేసిన మూకుడు వద్దు, అందులోంచి చెమ్మ ఊరదు.

తర్వాత చోటు. పొద్దున నీడున్న మూలకే మధ్యాహ్నం ఎండ కొట్టొచ్చు. పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి వెళ్లి చూశాకే చోటు ఖాయం చేసుకోండి. పిల్లి సంగతి వేరు. అన్నం గిన్నె పక్కనే నీళ్లు పెడితే చాలా పిల్లులకు నచ్చదు, కాస్త దూరంగా పెట్టాలి.

పూటకోసారి పాత నీళ్లు మొక్కలకు పోసి, మూకుడు పీచుతో రుద్ది, తెల్లవారుజామున పట్టి ఉంచిన నీళ్లు పోయండి.

కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 50–60 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే 10 కిలోల కుక్కకు అర లీటరు పైమాటే. ఎండల్లో ఇంకా ఎక్కువ. మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి, రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది, ఆ రొప్పులోనే నీరు పోతుంది.

అయినా మొండికేస్తే అన్నంలో నీళ్లు ఎక్కువ కలిపి పెట్టండి. ఉప్పూ కారం లేకుండా చికెన్ ఉడికించిన నీళ్లయితే గిన్నె నాకేస్తాయి. పల్చటి మజ్జిగ కొద్దిగా పోయొచ్చు గానీ, మనకోసం ఉల్లిపాయ వేసి కలుపుకున్నది మాత్రం పోయకండి. ఉల్లి వాటికి విషం. గింజలు, తొక్క తీసిన పుచ్చకాయ ముక్క రెండు పెట్టొచ్చు. కుక్కకు ద్రాక్ష అసలు వద్దు.

భుజాల మధ్య చర్మం పట్టి లాగి వదలండి. వెంటనే సర్దుకోకపోయినా, చిగుళ్లు జిగటగా తగిలినా ఒంట్లో నీరు తగ్గినట్టే. తూలుతున్నా, వాంతులు చేసుకుంటున్నా నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ గాలి తగలనిచ్చి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆటోలో కూడా తడుపుతూనే ఉండండి.