హత్యల పాటకు బాంజో: క్లాహ్యామర్ పద్ధతిలో వాయించడం ఎలా?

బాంజో కొనగానే అందరూ బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద శైలి పాఠాలు వెతుకుతారు. వేళ్లకు పిక్‌లు (మీటడానికి తొడుక్కునే గోళ్లలాంటివి) తొడిగి గడగడా స్వరాలు దొర్లించే మూడు వేళ్ల పద్ధతి అది. హుషారుకు బాగుంటుంది. కానీ అమెరికాలోని అపలాచియన్ కొండల హత్యల పాటలకు, అంటే హత్యల కథలు చెప్పే జానపద గీతాలకు అది నప్పదు. 1866లో నార్త్ కరోలినాలో లారా ఫాస్టర్ హత్యకు గురైంది. ఆ కేసులో టామ్ డూలాను 1868లో ఉరి తీశారు. ఆ కథ చెప్పే పాటను అంత జోరుగా వాయిస్తే బరాత్‌లో బ్యాండు మేళంలా ఉంటుంది. దీనికి గోటితో తీగను కిందికి కొట్టే క్లాహ్యామరే కావాలి.

సామాను: ఐదు తీగల బాంజో, ట్యూనర్. వెనక మూత లేని బాంజో అయితే మరీ మంచిది. పిక్‌లు డ్రాయర్లో పడేయండి. చూపుడు వేలి గోరు కాస్త పెరగనివ్వండి. బాంజో గుండ్రటి ముఖానికి బిగించిన చర్మం వెనక పాత బనీను ముక్క ఒకటి కుక్కాలి, ఇది తప్పనిసరి. లేకపోతే మోత తగ్గదు.

శ్రుతి: మామూలు ఓపెన్ జి ట్యూనింగ్‌లో ఐదో తీగ నుంచి వరసగా జి, డి, జి, బి, డి ఉంటాయి. రెండో తీగను బి నుంచి సికి, అంటే అర స్వరం పెంచండి. దాన్ని రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర నొక్కి మీటితే ఖాళీ మొదటి తీగతో కలిసిపోవాలి. దీన్ని సామిల్ ట్యూనింగ్ అంటారు. జిని షడ్జమం అనుకుంటే ఖాళీ తీగల్లో ఎక్కడా గాంధారం లేదు. అందుకే మేజరో మైనరో చెవికి తేలదు, ఏదో అశుభం జరగబోతున్నట్టు ఉంటుంది. బాంజో గాయకుడు క్లారెన్స్ యాష్లీ 1929లో టెనెసీలోని జాన్సన్ సిటీలో ఇచ్చిన ‘కూకూ బర్డ్’ రికార్డింగు వినండి, తెలుస్తుంది.

ఇక కుడి చేయి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

వేళ్లను సగం ముడవండి, పిడికిలి బిగించొద్దు. చూపుడు వేలి గోటి వెనక భాగంతో తీగను పైనుంచి కిందికి కొట్టాలి. వేలు పైకి మీటకూడదు, విదిలించకూడదు. వేలు ముడిచినట్టే ఉంటుంది, కదిలేది మణికట్టు, ముంజేయి.

గోరు తీగను తాకిన క్షణంలోనే బొటనవేలు వచ్చి పొట్టిగా ఉండే ఐదో తీగ మీద ఆనాలి. తర్వాత కాదు, అదే క్షణంలో. ప్రతి దెబ్బకూ ఆనాలి, ఐదో తీగ మోగాల్సిన పని లేకపోయినా సరే. చేయి పైకి లేస్తున్నప్పుడు బొటనవేలు ఆ తీగను వదులుతుంది, అది మోగుతుంది. బొటనవేలిని విడిగా తీసుకెళ్లి మీటేవాళ్లకు లయ ఎప్పటికీ కుదురుకోదు.

వరస ఇది: ఒక తీగ మీద దెబ్బ, తర్వాత కింది తీగలన్నిటి మీద ఓ తోపు, వెంటనే బొటనవేలు. మొదటిది ఎంతసేపో, తక్కిన రెండూ కలిపి అంతసేపు. తీగలన్నీ ఎడమ చేత్తో మూసేసి, స్వరం లేకుండా ఈ దరువు ఒక్కటే సాధన చేయండి. విసుగొస్తుంది. రానివ్వండి. చేయి నొప్పెడితే మాత్రం ఆపేయాలి, నొప్పి ఉందంటే ఎక్కడో బిగించారని అర్థం.

పాతతరం బాంజో గాయకుడు డాక్ బాగ్స్ ఇలా వాయించలేదు కదా అని అడుగుతారు. నిజమే. వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసిన ఆయన 1927లో రికార్డు చేసినప్పుడు బొటనవేలు, రెండు వేళ్లతో పైకి మీటాడు. అంతకంటే భయపెట్టే బాంజో నేను వినలేదు కూడా. కానీ చూసి నేర్చుకునే పద్ధతి కాదది.

ఎడమ చేయి తేలిక. మూడో తీగ ఖాళీ, రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్. రెండో తీగ ఖాళీ. మొదటి తీగ ఖాళీ, మూడో ఫ్రెట్, ఐదో ఫ్రెట్. సాధారణ గాంధారం, కైశికి నిషాదం వస్తాయి, ధైవతం ఉండదు. మూడో తీగ నాలుగో ఫ్రెట్ జోలికి పోవద్దు, పాట నవ్వుతుంది. 1990లలో డెన్వర్‌లో సిక్స్‌టీన్ హార్స్‌పవర్ బృందం బాంజోను రాక్‌లోకి, గోథిక్ చీకట్లోకి లాక్కెళ్లింది. అటు వెళ్లాలనుకున్నా ముందు ఈ ఏడు చోట్లు చేతికి రావాలి.

పాడేటప్పుడు గొంతు వణికించొద్దు. పాత గాయకులు హత్యనీ వాతావరణాన్నీ ఒకే గొంతుతో చెప్పారు. మొదటి చరణం ఏ వేగంలో మొదలెట్టారో ఉరికంబం చరణమూ అదే వేగంలో సాగాలి. చివర్లో సాగదీయకుండా ఖాళీ మూడో తీగ మీద ఒక దెబ్బ వేసి ఆపేయండి.