పాత బాయిలర్‌కు కొత్త థర్మోస్టాట్: తీగ రంగును నమ్మకండి

చలి మొదలైందంటే బ్రిటన్‌లోని మన వాళ్ల ఇళ్లలో స్మార్ట్ థర్మోస్టాట్ల (ఇంటి వేడిని బట్టి బాయిలర్‌ను వెలిగించి ఆపే పరికరాల) బిగింపు మొదలవుతుంది. పోయిన వారం బర్మింగ్‌హామ్ దగ్గర తెలిసినవారు ఇంటినీ నీళ్లనూ వేడిచేసే తమ పాత గ్యాస్ బాయిలర్‌కు ఒకటి తగిలించారు. స్విచ్ వేయగానే టప్పుమన్న చప్పుడు, కాలిన వాసన. సర్క్యూట్ బోర్డు పోయింది. పసిబిడ్డ ఉన్న ఇల్లు.

తడి చేతులు, పిల్లలు దూరం వంటివి మీకు చెప్పనక్కర్లేదు. కొంప ముంచే తప్పు ఒకటుంది: రంగు చూసి అది ఏ తీగో తేల్చేయడం.

2004కు ముందు ఇక్కడ కూడా మన దేశంలో లాగే ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. తర్వాత గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్. కానీ థర్మోస్టాట్‌కు వెళ్లే రెండు తీగల కేబుల్‌లో చాలాసార్లు న్యూట్రలే ఉండదు. ఒక తీగ కరెంటు తెస్తుంది, రెండోది బాయిలర్‌ను వెలిగించడానికి దాన్ని వెనక్కి తీసుకెళ్తుంది. అంటే మీరు న్యూట్రల్ అనుకున్న నల్ల తీగలోనో నీలం తీగలోనో 230 వోల్టులు ఉండవచ్చు. దాని చివర ఎర్ర టేపో గోధుమ టేపో చుట్టి గుర్తు పెట్టాలి. పాత ఇళ్లలో ఆ టేపు ఊడిపోయి ఉంటుంది, లేదా అసలు చుట్టే ఉండరు.

ఇంకో చిక్కు. కొన్ని బాయిలర్లు థర్మోస్టాట్‌కు 230 వోల్టులు పంపుతాయి, కొన్ని 24 మాత్రమే. తీగల రంగులు మాత్రం అవే. 230 బాయిలర్‌కైతే ఫేజు నుంచి రిలేకు (కొత్త థర్మోస్టాట్ లోపలి స్విచ్‌కు) చిన్న తీగ ముక్క కలుపుతారు. 24 బాయిలర్‌కు అదే ముక్క పెడితే 230 తిన్నగా బోర్డులోకి పోతుంది. బర్మింగ్‌హామ్‌లో జరిగింది అదే. బాయిలర్ పుస్తకం చదవండి, వోల్టేజీ చూసే మీటరుతో కొలవండి.

కరెంటు ఆపడం: బాయిలర్ పక్కనున్న స్విచ్ ఒక్కటే చాలదు, టైమరుకు వేరే లైను నుంచి కరెంటు వస్తుండవచ్చు. ఫ్యూజు బోర్డులో ఆ లైన్లన్నీ ఆపి, బాయిలర్ ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి. మీటరును ముందు కరెంటున్న చోట చూడండి, తర్వాత తీగల మీద, మళ్లీ కరెంటున్న చోట. చెడిపోయిన మీటరు కూడా సున్నానే చూపిస్తుంది.

ఇక వరసగా:

- విప్పకముందే ఫోటో తీయండి. ప్రతి తీగకు టెర్మినల్ నంబరు రాసిన చీటీ అంటించండి. రంగు రాయకండి.
- బాయిలర్‌కు ఎప్పుడూ ఉండాల్సిన ఫేజును కొత్త థర్మోస్టాట్ ఆపేసేలా కలపకండి. మంట ఆరాక కూడా కొన్నింటిలో పంపు కాసేపు తిరగాలి. ఆగితే లోపలి వేడికి పోయే దారి ఉండదు.
- మంట ఉండే అర మూత విప్పకండి. అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (బ్రిటన్‌లో గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితాలో) పేరున్నవారి పని.
- 2000కు ముందు కట్టిన ఇంట్లో బాయిలర్ అల్మారా పలకకు డ్రిల్లు పెట్టకండి. అది ఆస్బెస్టాస్ కావచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.
- వేడినీళ్ల ట్యాంకును 60 డిగ్రీల కంటే తగ్గించకండి. లీజియోనెల్లా అనే జబ్బు తెచ్చే బాక్టీరియా పెరగవచ్చు.
- కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి. అలారమే లేదా? ముందు అది కొనండి.
- అద్దె ఇల్లా? యజమానిని అడగకుండా ముట్టుకోకండి.
- "నీలమే కదా, న్యూట్రల్ అయ్యుంటుంది" అన్నవారి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కోండి.
- పాత థర్మోస్టాట్‌ను పారేయకండి.
- శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టకండి. శని, ఆదివారాల్లో మెకానిక్ దొరకడు.