పదం నోటికొచ్చినా రాతలోకి రాకపోతే

నల్గొండ జిల్లా పల్లెబడిలో తొమ్మిది, పదో తరగతి పిల్లలకు రోజుకు 20 ఇంగ్లిష్ పదాలు, పక్కన తెలుగు అర్థం రాయించాను. శనివారం గడగడా అప్పజెప్పేవాళ్లు. నెల తిరిగేసరికి సగం కూడా యాదికి లేవు, వ్యాసాల్లో ఒక్కటీ కనబడలేదు. తప్పు పిల్లలది కాదు, జాబితాది. అందులో వాక్యం లేదు, మళ్లీ చూసే రోజు లేదు.

ఇప్పుడు రోజుకు 4 పదాలే. ఒక్కో పదానికి పోస్టుకార్డులో సగమంత అట్టముక్క. ముందు పదం, వెనక అర్థం, దాని వెంట వచ్చే చిన్న మాట, సొంత వాక్యం. ఉదాహరణకు 'డెట్రిమెంటల్', హానికరం. దీని తర్వాత 'టు' రావాలి, పిల్లలు 'ఫర్' రాసేస్తారు. పలికేటప్పుడు ఊనిక 'మెన్' మీద. వాక్యం: "టూ మచ్ ఫ్లోరైడ్ ఈజ్ డెట్రిమెంటల్ టు బోన్స్." భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు పిల్లలు ఈ పదాన్ని మరవమన్నా మరవరు.

1, 3, 7, 21వ రోజుల్లో కార్డు మళ్లీ తీయాలి. అర్థం అడగొద్దు, వెనక్కి తిప్పకుండా కొత్త వాక్యం చెప్పించాలి. తడబడితే ఆ కార్డు మళ్లీ మొదటి రోజుకే.

లాటిన్ మూలాలు బాగా పనికొస్తాయి. 'డిక్ట్' అంటే చెప్పడం: ప్రెడిక్ట్, కాంట్రడిక్ట్, వెర్డిక్ట్. 'అడిక్ట్'దీ అదే మూలం, కానీ అలా అర్థం ఊహిస్తే పప్పులో కాలేసినట్టే. కాబట్టి మూలంతో ఊహించాక నిఘంటువు తెరవాల్సిందే.

పర్యాయపదాల పట్టీలు మాత్రం ఇవ్వకండి. 'స్లెండర్' మెచ్చుకోలు, 'స్కిన్నీ' చాలాసార్లు ఎత్తిపొడుపు. పట్టీలో రెండూ 'సన్నని' అనే ఉంటాయి.