రక్తం ఎక్కించడం నేర్చుకుందాం – 3వ పాఠం: శాంపిల్ ట్యూబు నుంచి మంచం దాకా

రక్తం అసలు ఎవరికి అవసరమో గత పాఠంలో చూశాం. రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్న పెద్దవారిలో హిమోగ్లోబిన్ 7 గ్రాములకు దిగేదాకా మామూలుగా ఆగవచ్చు. గుండె జబ్బు ఉంటే 8 దగ్గరే ఆలోచించాలి. ఒక యూనిట్ ఎక్కించి, రోగిని మళ్లీ చూశాకే రెండోది అడగాలి. ఇవాళ ఆ నిర్ణయం అయిపోయిందనుకుని ముందుకు వెళ్దాం.

క్రాస్‌మ్యాచ్ అయింది కదా, ఇంకేం భయం అని చాలామంది జూనియర్లు అనుకుంటారు. ట్యూబులో ఉన్న రక్తానికి ఈ బ్యాగు పడుతుందా లేదా అన్నంతవరకే క్రాస్‌మ్యాచ్ చెబుతుంది. ట్యూబులో ఉన్నది ఎవరి రక్తమో దానికి తెలియదు, అది మీకే తెలియాలి. ఏబీఓ గ్రూపు తప్పి జరిగే ప్రమాదాల్లో ఎక్కువ వాటికి కారణం ల్యాబ్ పరీక్ష కాదు. ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు పడటమో, ఒకరి బ్యాగు ఇంకొకరికి తగిలించడమో జరుగుతుంది.

అందుకే శాంపిల్ దగ్గర నుంచే మొదలుపెడదాం. "మీరు లక్ష్మిగారే కదా?" అని అడగకండి. మగతలో ఉన్నవాళ్లు, చెవుడు ఉన్నవాళ్లు, డాక్టరంటే మొహమాటపడేవాళ్లు దేనికైనా తలూపుతారు. "మీ పూర్తి పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అనండి. ఆ జవాబును చేతిపట్టీతో సరిచూడండి. స్పృహలో లేకపోతే చేతిపట్టీయే ఆధారం, కాబట్టి అది లేని రోగికి ముందు దాన్ని కట్టించండి. రక్తం తీశాక అక్కడే, మంచం పక్కనే నిలబడి లేబుల్ రాయాలి. ముందే పేర్లు రాసి పెట్టుకున్న ఖాళీ ట్యూబులతో రౌండుకు బయల్దేరడం మాత్రం వద్దు. పని త్వరగా అవుతుందనిపిస్తుంది, కానీ శాంపిళ్లు తారుమారయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే.

రోగి గ్రూపు పాత రికార్డుల్లో లేకపోతే బ్లడ్ బ్యాంకు రెండో శాంపిల్ అడగవచ్చు. అప్పుడు కొందరు ఒకే పోటుతో రెండు ట్యూబులు నింపి, రెండోదాన్ని కాసేపు జేబులో ఉంచి పంపుతారు. అప్పుడు రెండో పరీక్షకు అర్థమే ఉండదు. మొదటిసారి తప్పు మనిషి దగ్గర తీసుంటే, రెండో ట్యూబు ఆ తప్పునే మళ్లీ నిజమని చెబుతుంది.

బ్యాగు వచ్చాక చూడాల్సింది కూడా మంచం పక్కనే. నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని బ్యాగును కేస్‌షీట్‌తో పోల్చితే రెండు కాగితాలు కలిశాయంతే, రోగి సంగతి తేలలేదు. చేతిపట్టీ మీది పేరు, నంబరు బ్యాగు లేబుల్‌తో అక్షరం అక్షరం కలవాలి. గ్రూపు, యూనిట్ నంబరు, గడువు తేదీ చూడండి. లీకు, గడ్డలు, రంగు తేడా ఉన్నాయేమో చూడండి. ఎక్కడ తేడా కనిపించినా బ్యాగు వెనక్కి వెళ్లాల్సిందే.

ఇక టైము. ఎర్రకణాల బ్యాగు ఫ్రిజ్ నుంచి బయటకు వచ్చాక 30 నిమిషాల్లో మొదలుపెట్టి, 4 గంటల్లోగా ముగించాలి. వార్డు ఫ్రిజ్‌లో దాచకూడదు. ప్లేట్‌లెట్లను ఏ ఫ్రిజ్‌లోనూ పెట్టవద్దు. అవి 20–24 డిగ్రీల దగ్గర కదులుతూ ఉండాలి. ఫిల్టర్ ఉన్న సెట్టే వాడాలి. అదే లైన్‌లో నార్మల్ సెలైన్ తప్ప మరేదీ పోనివ్వకండి: రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం వల్ల రక్తం గడ్డకట్టవచ్చు, డెక్స్‌ట్రోజ్ నీళ్లకు ఎర్రకణాలు పగులుతాయి.

మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కించండి, రోగి దగ్గరే ఉండండి. గ్రూపు పడని రక్తం కొద్ది మిల్లీలీటర్లు వెళ్లినా చాలు, ప్రాణం మీదికి రావచ్చు. మొదలుపెట్టే ముందు, 15 నిమిషాలకు, పూర్తయ్యాక టెంపరేచర్, పల్స్, బీపీ, శ్వాస రాయాలి. రోగి పుస్తకం భాషలో చెప్పడు. "చలేస్తోంది", "నడుం లాగేస్తోంది", "ఏదోలా ఉంది డాక్టర్" అంటాడు. ఈ మూడో మాటను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. మత్తులో ఉన్న రోగి అదీ చెప్పలేడు. బీపీ పడిపోవడం, కోసిన చోట రక్తం ఆగకపోవడం, మూత్రం ఎర్రబడటం చూసి మనమే పోల్చుకోవాలి.

అనుమానం రాగానే రక్తం ఆపండి. సూది తీసేయకండి, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి దారి తెరిచి ఉంచండి. ఊపిరి, బీపీ చూసుకుంటూ సీనియర్‌ను పిలవండి. చేతిపట్టీ, బ్యాగు మళ్లీ సరిచూడండి. బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి, బ్యాగును సెట్‌తో సహా, తాజా రక్తం శాంపిల్‌తో పంపండి. మూత్రం కూడా పరీక్షకు వెళ్లాలి. గాభరాలో బ్యాగును చెత్తబుట్టలో పడేస్తే ఏం జరిగిందో తేల్చడం చాలా కష్టం. వచ్చింది మామూలు జ్వరమే కావచ్చు, చాలాసార్లు అంతే. కానీ మొదటి నిమిషాల్లో ఆ తేడా ఎవరికీ తెలియదు.

ఆయాసంతో మొదలయ్యే రియాక్షన్లను, అంటే టాకో (TACO: ఒంట్లో ద్రవం ఎక్కువై గుండె మీద భారం పడటం), ట్రాలి (TRALI: ఎక్కించిన రక్తం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినడం) అనేవాటిని, వచ్చే పాఠంలో విడిగా చూద్దాం.

సాధన: పాత రికార్డులో రోగి గ్రూపు బి పాజిటివ్. ఇవాళ మీరు పంపిన శాంపిల్ ఓ పాజిటివ్ అని వచ్చింది. "ఓ కణాలు ఎలాగూ బి వాళ్లకు పడతాయి కదా, ఎక్కించేద్దాం" అని సహోద్యోగి అంటున్నాడు. మీరేం చేస్తారో వరుసగా రాయండి. ఈ తేడా వల్ల అపాయం అంచున ఉన్నది ఈ రోగి ఒక్కడే కాకపోవచ్చు, ఆ ఇంకొకరు ఎవరో కూడా రాయండి.