వారానికో సూది: మొదటి నెల గట్టెక్కడం ఎలా

వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మన దగ్గర ఎక్కువగా వినిపించేవి రెండు మందులు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో వచ్చింది. సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో వెగోవీగా వచ్చింది. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు తీరాక జెనరిక్‌లూ (అదే మందును వేరే కంపెనీలు తమ పేర్లతో చేసేవి) దిగాయి. పేర్లు ఎన్ని ఉన్నా పని తీరు దాదాపు ఒకటే. తిన్నాక పేగుల నుంచి మెదడుకు వెళ్ళే ‘ఇక చాలు’ అనే కబురును గట్టిగా వినిపిస్తాయి. తిన్నది కడుపులోంచి కిందికి దిగడాన్ని నెమ్మది చేస్తాయి. మొదటి నెల ఇబ్బందులు చాలావరకు ఈ రెండో పని వల్లే వస్తాయి.

మొదటి నాలుగు వారాల డోసు సెమాగ్లూటైడ్ అయితే 0.25 మిల్లీగ్రాములు, టిర్జెపటైడ్ అయితే 2.5. ఇది కడుపుకు మందు అలవాటు చేయడానికి ఇచ్చే డోసు. ఈ నెలలో కాటా ముల్లు కదలకపోయినా మందు పనిచేయనట్టు కాదు. రెండో వారానికే ‘నాకు ఎక్కడం లేదు’ అని సొంతంగా డోసు పెంచుకున్నవాళ్ళే వాంతులతో క్యాజువాల్టీకి వెళ్తుంటారు. పెద్ద ట్రయల్స్‌లో వచ్చిన ఫలితాలు కూడా ఏడాది దాటాక వచ్చినవే: సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాములతో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది, టిర్జెపటైడ్ 15 మిల్లీగ్రాములతో 72 వారాలకు 21 శాతం దాకా.

డాక్టర్ దగ్గర దాచకూడనివి

ఎండోక్రైనాలజిస్టో, జనరల్ ఫిజీషియనో రాసిన చీటీ లేకుండా మొదలుపెట్టే మందు కాదిది. సాధారణంగా బీఎంఐ (ఎత్తుతో పోల్చి వేసే బరువు లెక్క) 30 దాటినవాళ్ళకు, లేదా 27 దాటి షుగరో బీపీయో ఉన్నవాళ్ళకు ఇస్తారు. మనవాళ్ళకు నడుం చుట్టూ కొవ్వు ముందే పేరుకుంటుంది కాబట్టి నడుం కొలత కూడా చూస్తారు: మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి. మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) చేయించుకుంటే, ఆర్నెల్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి ఒక లెక్క ఉంటుంది.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. వాటి డోసు తగ్గించకుండా ఈ సూది కలిపితే షుగర్ మరీ పడిపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు ముందుగా కంటి రెటీనా చూపించుకోవాలి. ఇంతకుముందు ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిందా, పిత్తాశయంలో రాళ్ళున్నాయా అన్నదీ చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (అరుదైన ఒక రకం) వచ్చి ఉంటే ఈ మందు వద్దు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. పొద్దున్నే పరగడుపున వేసుకునే మామూలు థైరాయిడ్ మాత్రకూ ఈ హెచ్చరికకూ సంబంధం లేదు. హైపోథైరాయిడ్ ఉన్నవాళ్ళు వాడొచ్చు. బరువు తగ్గేకొద్దీ ఆ మాత్ర డోసు మార్చాల్సి రావచ్చు, అంతే.

గర్భంతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ లాంటి అదనపు జాగ్రత్త ఉండాలి.

మెడికల్ షాపు నుంచి ఫ్రిజ్ దాకా

మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల హైదరాబాద్‌లో ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీ పొయ్యిలా ఉంటుంది. కోఠిలో నాలుగు రూపాయలు తక్కువకు కొని, డిక్కీలో పడేసి, ట్రాఫిక్‌లో గంటన్నర నిలబడి కూకట్‌పల్లి చేరితే ఆ ఆదా ఎండకే పోతుంది. చిన్న థర్మల్ సంచి, అందులో ఐస్ ప్యాక్, ప్యాక్‌కు మందుకు మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకోండి. ఐస్ నేరుగా తగిలి మందు గడ్డకడితే దాన్ని పారేయడమే. కరిగాక పైకి బాగానే కనిపిస్తుంది కానీ వాడకూడదు. షాపులో పెన్ను (మందు నింపి వచ్చే ఇంజెక్షన్ పరికరం) ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా, అల్మారాలోంచి తీస్తున్నారా చూడండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో బిల్లు లేకుండా వచ్చేది, జిమ్‌లో ఎవరో తెచ్చిచ్చేది ముట్టుకోవద్దు. అనుమానం వస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా ఒక డబ్బాలో పెట్టండి. డోర్‌లో పెడితే తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింది ట్రే ఇంకా ప్రమాదం, రాత్రికి రాత్రే గడ్డకట్టేస్తుంది. వాడటం మొదలుపెట్టిన మౌంజారో క్విక్‌పెన్ 30 రోజులు, వెగోవీ పెన్ను 6 వారాలు వస్తుంది. జెనరిక్ అయితే దాని పెట్టెలోని కాగితం ఏం చెబితే అదే.

పెన్నా, వయలా? యూ-40 తిరకాసు

పెన్ను ఖరీదైనా తప్పులు తక్కువ. వయల్ (మందు ఉండే చిన్న సీసా) చవక, కానీ మందును సిరంజిలోకి మీరే లాగాలి. ఇక్కడ మన దేశంలో గొయ్యి ఒకటుంది. మన షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి: ఎర్ర మూత యూ-40, నారింజ మూత యూ-100. యూ-40లో 40 యూనిట్లు ఒక మిల్లీలీటరు. యూ-100లో 100 యూనిట్లు ఒక మిల్లీలీటరు.

ఉదాహరణకు వయల్ మీద మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. 0.25 మిల్లీగ్రాముల డోసు అంటే 0.125 మిల్లీలీటరు. యూ-100 సిరంజిలో అది పన్నెండున్నర యూనిట్లు, యూ-40లో అయిదే. ‘పన్నెండున్నర లాగమన్నారు’ అని గుర్తుపెట్టుకుని చేతికందిన ఎర్ర మూత సిరంజితో లాగితే, డోసు రెండున్నర రెట్లు పడుతుంది. మొదటి వారమే రెండో నెల డోసు కంటే ఎక్కువ మందు ఒంట్లోకి పోయినట్టు. ఆ తర్వాత మూడు రోజులు బాత్రూమ్‌లోనే. అందుకే చీటీ మీద డోసును మిల్లీగ్రాముల్లో, మిల్లీలీటర్లలో, ఏ సిరంజిలో ఎన్ని యూనిట్లో మూడూ రాయించుకోండి. బ్రాండు మారితే గాఢత మారవచ్చు, పాత యూనిట్ల లెక్క పనికిరాదు. మౌంజారో వయల్‌కు ఈ లెక్క అక్కర్లేదు, అందులోని అర మిల్లీలీటరు మొత్తం ఒక్క డోసే.

పెన్ను వాడేవాళ్ళకు సూదులు వేరుగా కొనాల్సి వస్తే 4 మిల్లీమీటర్ల, 32 గేజ్‌వి అడగండి. చాలా సన్నగా ఉంటాయి. ఒక సూది ఒక్కసారికే. మన ఇళ్ళలో ఇన్సులిన్ సూది నాలుగైదు సార్లు వాడే అలవాటు ఉంది. మొద్దుబారిన సూది నొప్పి పెడుతుంది, మందు గట్టిపడి కొన మూసుకుపోతుంది, డోసు సగమే దిగుతుంది. సూది పెన్నుకే ఉంచేసి ఫ్రిజ్‌లో పెడితే గాలి లోపలికి పోతుంది, మందు బయటికి కారుతుంది.

వేసుకోవడం

చేతులు కడుక్కోండి. పెన్ను ఫ్రిజ్‌లోంచి తీసి పది పదిహేను నిమిషాలు బయట ఉంచితే చురుకు తగ్గుతుంది. మందు నీళ్ళలా తేటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, నలకలున్నా వద్దు. కొత్త సూది తిప్పి బిగించి, రెండు మూతలూ తీయండి. క్విక్‌పెన్‌ను ప్రతి డోసుకూ ముందు ప్రైమ్ చేయాలి, అంటే గాలి పోయేలా కొంచెం మందు బయటికి వదలాలి. వెగోవీ పెన్నుకు మొదటిసారి మాత్రమే, సూది కొనన చుక్క కనబడేదాకా.

చోటు: బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి పొట్ట, లేదా తొడ ముందు భాగం. చేతి వెనక భాగానికి ఇంకొకరి సాయం కావాలి. సూదిని నిటారుగా దించి, బటన్ పూర్తిగా నొక్కి, నొక్కి ఉంచే ఆరు అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టండి. వెంటనే లాగేస్తే చర్మం మీద మందు చారగా కారడం కనిపిస్తుంది. ఆ కారింది ఎంతో తెలియదు కాబట్టి మళ్ళీ వేసుకోకూడదు, వచ్చే వారం దాకా ఆగాలి. రుద్దొద్దు. వారం వారం చోటు మార్చండి.

నాలుగు డోసులయ్యాక క్విక్‌పెన్‌లో కొంచెం మందు మిగిలి కనిపిస్తుంది. దాన్ని సిరంజితో లాగి ‘ఐదో డోసు’ చేసుకునే చిట్కా చేతులు మారుతోంది. అది ప్రైమింగ్ కోసం పోసిన మందు. డోసు లెక్క తెలియదు, శుభ్రతకూ హామీ లేదు.

వాడిన సూదులు మూత బిగుతుగా పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక టేపు చుట్టి, పైన ‘సూదులు’ అని రాసి, స్వచ్ఛ ఆటోవాళ్ళకు విడిగా చెప్పి ఇవ్వండి. పల్చటి కవర్లో పడేస్తే గుచ్చుకునేది చెత్త వేరుచేసే మనిషి చేతికే.

ఏ రోజు, ఏం తినాలి

రోజులో ఏ వేళైనా సరే, తిన్నా తినకపోయినా సరే, వారంలో రోజు మాత్రం అదే ఉండాలి. ఒంట్లో మందు ఒకటి నుంచి మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది. శుక్రవారం రాత్రి వేసుకుని ఆదివారం బిర్యానీకి కూర్చుంటే రెండూ సరిగ్గా ఢీకొంటాయి. శని, ఆదివారాల్లో దావత్‌లు, ఫంక్షన్లు ఉండేవాళ్ళకు సోమవారం రాత్రి నయం. రంజాన్ నెలలో మొదలుపెట్టడం, డోసు పెంచడం పెట్టుకోకండి. పగలంతా నీళ్ళు లేకుండా ఉండి ఇఫ్తార్‌లో నెయ్యి తేలే హలీమ్ తింటే కడుపు తిరగబడుతుంది.

వికారం ఎక్కువగా వచ్చేది మూడింటి వల్ల: నూనె, పరిమాణం, వేగం. ఫుల్ ప్లేట్ మీల్స్ అలవాటున్నవాళ్ళు పళ్ళెం చిన్నది చేసుకుని, ‘ఇంకో ముద్ద పడుతుంది’ అనిపించినప్పుడే లేవాలి. కడుపు నిండిన కబురు ఆలస్యంగా అందుతుంది, ఆ ఒక్క ముద్దే రాత్రంతా గొంతులో ఉన్నట్టుంటుంది. మిర్చి బజ్జీ, పూరీ, మటన్ కర్రీలో తేలే నూనె మొదటి రెండు మూడు రోజులు వద్దు. పెరుగన్నం, ఇడ్లీ, పల్చటి పప్పుచారు బాగా దిగుతాయి.

కానీ వీటితోనే బతికితే ఇంకో చిక్కు. ఆకలి చచ్చిపోయాక మనం మొదట వదిలేసేది ప్రొటీన్, మిగుల్చుకునేది తెల్లన్నం, చాయ్, ఉస్మానియా బిస్కెట్. అప్పుడు కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు రోజులకు చెప్పే ప్రొటీన్ లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువు తగ్గుతున్నప్పుడు 1 నుంచి 1.2 గ్రాముల లక్ష్యం పెట్టుకోవడం మేలు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగాలి. 70 కిలోల మనిషికి ఇది 70 నుంచి 84 గ్రాములు. గుడ్డులో 6, కప్పు పెరుగులో 6 నుంచి 7, వంద గ్రాముల పనీర్‌లో 18 దాకా, గుప్పెడు కందిపప్పులో 7, వండిన చికెన్ వంద గ్రాముల్లో 25కు పైగా. ఒక్క ఇడ్లీలో ఉండేది 2 గ్రాములే. కాబట్టి పళ్ళెంలో ముందు గుడ్డో చికెనో పప్పో తిని, ఆ తర్వాత చోటుంటే అన్నం. టిఫిన్‌కు పెసరట్టు ఉప్మా లేకుండా. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ళ బాటిళ్ళు ఎత్తడం లాంటి కండ వ్యాయామం ఉండాలి. నడక ఒక్కటే చాలదు.

దాహం కూడా తగ్గుతుంది, వేసవిలో ఇది ప్రమాదం. బాటిల్ లెక్కపెట్టి తాగండి. వాంతులో విరేచనాలో అయితే ఓఆర్‌ఎస్, ఉప్పేసిన పల్చటి మజ్జిగ. మలబద్ధకానికి నీళ్ళు, ఆకుకూర, ఇసబ్‌గోల్. కుళ్ళిన గుడ్డు వాసనతో తేన్పులు వస్తే రాత్రి భోజనం ఏడింటికి తెచ్చుకుని, పరిమాణం సగం చేసి చూడండి.

పొట్ట పైభాగంలో ఆగని నొప్పి వీపులోకి పాకుతుంటే, కుడి పక్కటెముకల కింద నొప్పితో జ్వరమో కళ్ళు పచ్చబడటమో ఉంటే, రోజంతా నీళ్ళు కూడా నిలవకపోతే, చూపు హఠాత్తుగా మసకబారితే గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోకండి. ఎమర్జెన్సీకి వెళ్ళండి, బండి లేకపోతే 108. ఆపరేషన్‌గానీ ఎండోస్కోపీగానీ ఉంటే మత్తు డాక్టర్‌కు ఈ సూది సంగతి ముందే చెప్పాలి, కడుపు ఖాళీ కావడానికి ఎక్కువ సేపు పడుతుంది.

మరిచిపోతే, ఆపితే

సెమాగ్లూటైడ్ మరిచిపోయి 5 రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి, టిర్జెపటైడ్ అయితే 4 రోజుల్లోపు. దాటితే వదిలేసి మామూలు రోజుకే వేసుకోవాలి. రెండు డోసులు కలిపి ఎప్పుడూ వద్దు. వేసుకునే రోజు మార్చుకోవాలంటే రెండు సూదుల మధ్య కనీసం మూడు రోజులు ఉండాలి.

నాలుగు వారాలయ్యాక డోసు పెంచడం తప్పనిసరేమీ కాదు. వికారం ఇంకా తగ్గకపోతే అదే డోసులో ఇంకో నెల ఉండొచ్చు. పెంచితే సెమాగ్లూటైడ్ 0.5, టిర్జెపటైడ్ 5, ఆపైన ప్రతి మెట్టు మీదా కనీసం నాలుగు వారాలు. ఖర్చు లెక్క కూడా మొదటి డోసు ధరతో వేయకండి, పై డోసులు ఎక్కువ పడతాయి. ఈ లెక్క ముందే వేయడానికి కారణం ఉంది: ట్రయల్‌లో సెమాగ్లూటైడ్ ఆపినవాళ్ళకు ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. డబ్బు చాలక మధ్యలో రెండు మూడు వారాలు వరుసగా తప్పితే, ఇంట్లో మిగిలిన పెద్ద డోసు పెన్ను నేరుగా పొడుచుకోకండి. కడుపు అలవాటు తప్పి ఉంటుంది. డాక్టర్‌కు ఫోన్ చేసి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అడగండి, చాలాసార్లు మళ్ళీ మొదటి మెట్టు నుంచే అంటారు.