వానలకు ముందే పాత కారు అద్దాలు చూసుకోండి

మృగశిర కార్తె దగ్గరపడుతుందనగానే పాత మారుతి 800 ఉన్నవాళ్లకు అద్దం తిప్పే హ్యాండిల్ తీయించేసి, మోటార్‌తో కదిలే పవర్ విండో పెట్టించాలనిపిస్తుంది. 2014లోనే తయారీ ఆగిపోయిన బండి కాబట్టి బయట కిట్ కొని బిగించుకోవడమే దారి. ఆలోచన మంచిదే. తొందరపడితే మాత్రం నడివానలో అద్దం కిందికి దిగి కూర్చుంటుంది.

ముందు మోటార్ మాట పక్కన పెట్టి, ఉన్న హ్యాండిల్‌నే తిప్పి చూడండి. బిగుతుగా ఉందంటే అద్దం జారే రబ్బరు గాడి ఎండకు గట్టిపడిందనో, దుమ్ము పేరుకుందనో అర్థం. దాని మీదే మోటార్ పెడితే అది కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది. రబ్బరు మార్చండి, లేదా తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పూస్తే ఇంకా దుమ్ము పడుతుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. అద్దం సగంలో ఆగడం, ఫ్యూజ్ పోవడం. ఓ షాపు కుర్రాడు ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టి, "ఇక పోదు సార్" అన్నాడు. నిజంగానే పోలేదు. వారం తిరక్కుండా స్విచ్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది.

లైట్ల వైరులోంచి కరెంటు లాగనివ్వొద్దు. బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, తాళం తిప్పితేనే పనిచేసేలా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) అడగండి. డోర్‌లోకి వెళ్లేచోట వైరు ఇనుప అంచుకు రాసుకోకుండా రబ్బరు గొట్టం ఉండాలి. డోర్ పదిసార్లు తీసి వేసి, వైరు ఎక్కడైనా లాగుతోందేమో చూడండి.

సొంతంగా విప్పేవాళ్లు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. అద్దాన్ని పైకెత్తి, వెడల్పు టేపుతో ఫ్రేముకు అంటించాలి. అద్దాన్ని ఎత్తిదించే విండో మెషీన్లలో కొన్నిటికి గట్టి స్ప్రింగ్ ఉంటుంది, వదిలిందంటే వేళ్లు నలుగుతాయి.

డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ ఉంటుంది. చాలామంది మెకానిక్‌లు చింపి పారేస్తారు, మళ్లీ అంటించమనండి. డోర్ లోపలికి వాననీళ్లు ఎలాగూ దిగుతాయి, అవి కాళ్ల దగ్గరికి రాకుండా ఆపేది ఆ షీటే. డోర్ అడుగున ఉన్న చిల్లుల్లో మట్టిని చీపురు పుల్లతో తీసి, అద్దం మీద చెంబెడు నీళ్లు పోయండి. కింద ధార కారాలి.

చౌక కిట్లలో చాలావాటికి చెయ్యి అడ్డొస్తే ఆగే ఏర్పాటు ఉండదు. ఒక్క నొక్కుతో అద్దం పైదాకా వెళ్లే స్విచ్, పిల్లలున్న ఇంటికి వద్దే వద్దు.

నా మటుకు ముందు డోర్లకే మోటార్లు పెట్టించాను. వెనక హ్యాండిళ్లు అలాగే ఉంచాను. నీళ్లలో బండి ఆగి కరెంటు పోతే తిప్పడానికి అవే ఉంటాయి. అయినా అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికందేలా పెట్టుకోండి, డిక్కీలో కాదు. కొట్టాల్సింది పక్క అద్దం మూలలో.